ఫ్యాక్టరీకి గ్రాంట్ ఇచ్చేటప్పుడు "ఎన్ని ఉద్యోగాలు" ఒక్కటే అడిగితే ఏమవుతుంది: ఉద్యోగ నాణ్యత, పాత కార్మికుల లెక్క

వైజాగ్ చుట్టుపక్కల ఈ మధ్య పేపర్ తీస్తే చాలు ఏదో ఒక పెట్టుబడి వార్త ఉంటోంది. నక్కపల్లి దగ్గర ఆర్సెలర్ మిట్టల్ నిప్పన్ స్టీల్ ప్లాంట్, ఆ పక్కనే బల్క్ డ్రగ్ పార్క్, పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్, ఇక డేటా సెంటర్లు సరేసరి. ప్రతి వార్తలోనూ "ఇన్ని వేల మందికి ఉపాధి" అని ఒక లైన్ తప్పకుండా ఉంటుంది. అదే టైమ్‌లో ప్రభుత్వ విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ సంగతి చూడండి, 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది, అదే ఏడాది కాంట్రాక్ట్ కార్మికుల్ని తీసేస్తున్నారని ధర్నాలు, సమ్మెలు కూడా జరిగాయి. ప్రభుత్వ డబ్బు ప్లాంట్‌కి వస్తే అందులో పనిచేసేవాళ్లకి ఏం గ్యారంటీ అని గాజువాకలో ఎవర్ని అడిగినా సరైన జవాబు రాదు, ఎందుకంటే డబ్బు ఇచ్చే కాగితంలో ఆ ప్రశ్న చాలాసార్లు అడగనే అడగరు.

ఆ ప్రశ్నని కాగితంలో పెట్టి అడగొచ్చు, కొన్ని దేశాలు అడిగాయి కూడా. గ్రాంట్ అప్లికేషన్‌లోనే వచ్చే ఉద్యోగాలు ఎలాంటివి, పాత ప్రొడక్షన్ లైన్ ఆగిపోతే అందులో ఉన్నవాళ్లు ఏమవుతారు అని రాతపూర్వకంగా చెప్పించుకోవడం. అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఫెయిలవుతుంది, మన దగ్గర ఏముంది ఏం లేదు అన్నది కొంచెం నిదానంగా చూద్దాం.

## గ్రాంట్, ఇన్సెంటివ్, డీపీఆర్: ఎవరు ఎవరికి ఏం రాసిస్తారు

గ్రాంట్ అంటే తిరిగి కట్టక్కర్లేని డబ్బు, మెషిన్లు కొనడానికో బిల్డింగ్ కట్టడానికో ముందే ఇస్తారు లేదా ఖర్చు పెట్టాక ఇస్తారు. మన దగ్గర ఫ్యాక్టరీలకి నేరుగా గ్రాంట్ అనేది తక్కువ, ఎక్కువగా క్యాపిటల్ సబ్సిడీ, కరెంట్ రాయితీ, చౌకగా భూమి, స్టాంప్ డ్యూటీ వెనక్కివ్వడం, పీఎల్ఐ (ఉత్పత్తి పెంచితే కేంద్రం ఇచ్చే ప్రోత్సాహకం) లాంటి రూపాల్లో వస్తుంది. పేరేదైనా అది జనం డబ్బే కాబట్టి ఇక్కడ అన్నిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడుతున్నాను.

వీటికి అప్లై చేసేటప్పుడు కంపెనీ డీపీఆర్ ఇస్తుంది, అంటే ప్రాజెక్ట్ రిపోర్ట్. మెషినరీ, మార్కెట్, క్యాష్ ఫ్లో గురించి పేజీలకి పేజీలు ఉంటాయి. ఎంప్లాయ్‌మెంట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా వాటిలో చిన్న టేబుల్ ఒకటి, డైరెక్ట్ ఇంత, ఇన్‌డైరెక్ట్ ఇంత, అంతే. ఆ ఇన్‌డైరెక్ట్ నంబర్ చాలాసార్లు డైరెక్ట్‌ని రెండుతోనో మూడుతోనో గుణించి వేసేస్తారు. ఆ టేబుల్లో ఉన్నదే తర్వాత ప్రెస్‌నోట్ అవుతుంది, ప్రెస్‌నోటే హెడ్‌లైన్ అవుతుంది.

## మంచి ఉద్యోగం అంటే జీతం ఒక్కటే కాదు

ఒకే షెడ్‌లో, ఒకే మెషిన్ మీద, ఒక షిఫ్ట్‌లో ఒకాయన, తర్వాతి షిఫ్ట్‌లో ఇంకొకాయన పనిచేస్తున్నారు అనుకోండి. ఒకాయన కంపెనీ రోల్స్ మీద ఉన్నాడు, ఇంకొకాయన కాంట్రాక్టర్ మనిషి. మొదటాయనకి జీతం స్లిప్పు, గ్రాట్యుటీ, లీవు, ప్రమోషన్ ఉంటాయి. రెండో ఆయనకి గేట్ పాస్ ఉంటుంది, దాని మీద ఫలానా తేదీ వరకు చెల్లును అని ఉంటుంది, ఆ తేదీ దగ్గరపడుతుంటే ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. కాంట్రాక్టర్ మారితే పాస్ మారుతుంది, పదేళ్లు చేసినా కొత్త కాంట్రాక్టర్ దగ్గర మొదటి రోజు లెక్కే, పాత సర్వీసు కోసం ఎవరితో కొట్లాడాలో కూడా తెలీదు. డీపీఆర్ టేబుల్లో మాత్రం ఇద్దరూ ఒక్కో ఉద్యోగమే.

ఉద్యోగ నాణ్యత అని మాట్లాడేవాళ్లు అడిగేవి ఇవే. జీతం ఎంత, ఎవరి రోల్స్ మీద, పీఎఫ్ ఈఎస్ఐ కడుతున్నారా, పని గంటలు ఎన్ని, ఓవర్‌టైమ్‌కి డబుల్ ఇస్తున్నారా, సేఫ్టీ ఎలా ఉంది, పని నేర్చుకుని పైకి వెళ్లే దారి ఉందా, కష్టం వస్తే చెప్పుకునే యూనియనో కమిటీయో ఉందా. ఇందులో సేఫ్టీ గురించి విశాఖ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైంది, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఫార్మా కంపెనీ పేలుడులో 17 మంది పోయారు. పొద్దున డ్యూటీకి వెళ్లిన మనిషి సాయంత్రం ఇంటికి రావడం అన్నిటికంటే ముందు, జీతం ఆ తర్వాతే.

## అమెరికాలో దీనికి మార్కులేశారు, తర్వాత తీసేశారు

బాగా డాక్యుమెంట్ అయిన ఉదాహరణ అమెరికాది. 2022లో వాళ్లు ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ తెచ్చారు. అందులో పాత కార్ల ఫ్యాక్టరీల్ని ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్ల తయారీకి మార్చుకోడానికి 200 కోట్ల డాలర్ల గ్రాంట్లు పెట్టారు, మూతపడిన లేదా మూతపడబోతున్న ప్లాంట్లకి ప్రాధాన్యం అన్నారు. ఆ టైమ్‌లో అమెరికా ఎనర్జీ డిపార్ట్‌మెంట్ ఇలాంటి గ్రాంట్లకి కమ్యూనిటీ బెనిఫిట్స్ ప్లాన్ అని ఒకటి అడిగేది, మామూలుగా మొత్తం మార్కుల్లో 20 శాతం దానికే. ఉద్యోగాలు ఎలాంటివి, యూనియన్‌తో ఊరివాళ్లతో ఏం మాట్లాడారు, ఎవరికి అవకాశం ఇస్తున్నారు అన్నది అందులో రాయాలి. టెక్నాలజీ ఎంత గొప్పగా ఉన్నా ఈ 20 మార్కుల దగ్గర చేతులెత్తేస్తే పోటీలో వెనకబడతారు.

2024 జులైలో ఆ స్కీమ్ కింద 8 రాష్ట్రాల్లో 11 ప్లాంట్లని ఎంపిక చేశారు, సుమారు 170 కోట్ల డాలర్లు. అప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది: కొత్త ఉద్యోగాలు 2,900 పైచిలుకు, నిలబడే పాత ఉద్యోగాలు 15,000 పైచిలుకు. అంటే అసలు విషయం కొత్తవి కాదు, ఉన్నవాళ్లు పోకుండా ఉండటం. మన ప్రెస్‌నోట్లలో ఆ రెండో కాలమ్ దాదాపు కనపడదు.

ఐతే 2025 జనవరిలో ప్రభుత్వం మారింది, ఎనర్జీ డిపార్ట్‌మెంట్ ఈ ప్లాన్ అడగడం ఆపేసింది. గైడ్‌లైన్‌గా పెట్టింది కాబట్టి ఒక ఆర్డర్‌తో పోయింది. దీని పక్కన ఇంకోటి పెట్టి చూడాలి, 48సీ అనే ట్యాక్స్ క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులో తగ్గింపు. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు ఆ ప్రాంతంలో నడుస్తున్న కూలి రేట్లు ఇచ్చి, అప్రెంటిస్‌లని పెట్టుకుంటే పెట్టుబడిలో 30 శాతం వరకు క్రెడిట్, లేకపోతే 6 శాతమే అని చట్టంలోనే రాశారు. ఐదు రెట్లు తేడా. ఈ క్రెడిట్‌కి కూడా అప్లై చేసి ఎంపిక కావాల్సిందే, కానీ కూలి షరతు దగ్గర మార్కులు వేయడాలు లేవు, పాటిస్తే 30 లేకపోతే 6. చట్టంలో ఉన్నదాన్ని మార్చాలంటే మళ్లీ చట్టసభకే వెళ్లాలి.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఆ కూలి షరతు ఫ్యాక్టరీ కట్టేవాళ్లకి, మెషిన్లు బిగించేవాళ్లకి వర్తిస్తుంది, తర్వాత లోపల ఏళ్ల తరబడి పనిచేసే ఆపరేటర్‌కి కాదు. అంటే గట్టి షరతు ఏమో తక్కువ కాలం పనికి, మెత్తటి షరతు ఏమో ఎక్కువ కాలం పనికి. ఎవరైనా అమెరికా మోడల్ తెచ్చేద్దాం అంటే ముందు ఈ తేడా అడగండి.

## మన స్కీములు ఏం లెక్కపెడతాయి

పీఎల్ఐలో ప్రధానంగా పెరిగిన అమ్మకాల మీద, పెట్టిన పెట్టుబడి మీద డబ్బు వస్తుంది. ఉద్యోగాల నంబర్ రిపోర్ట్ చేస్తారు గానీ ఆ ఉద్యోగం ఎవరి రోల్స్ మీద అన్నదానికి ఇన్సెంటివ్ పెద్దగా ముడిపడి ఉండదు.

2025 ఆగస్టు 1 నుంచి మొదలైన పీఎం వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన వేరే పద్ధతి. 99,446 కోట్ల స్కీమ్ అది. కొత్తగా అదనపు ఉద్యోగి చేరి ఆరు నెలలు నిలబడితే కంపెనీకి నెలకి 3,000 వరకు రెండేళ్లు ఇస్తారు, తయారీ రంగమైతే నాలుగేళ్లు. మొదటిసారి ఉద్యోగంలో చేరినవాళ్లకి 15,000 వరకు విడిగా వస్తుంది. పీఎఫ్ రికార్డు ప్రకారం నడుస్తుంది కాబట్టి కనీసం పీఎఫ్ ఉన్న ఉద్యోగం అన్నది ఖాయం, అది మంచి విషయమే. కానీ ఇది అదనపు తలకాయలకి ఇచ్చే డబ్బు. పదేళ్లుగా ఉన్న మనిషికి కొత్త పని నేర్పించి నిలబెట్టుకుంటే దీని కింద ఒక్క రూపాయి రాదు.

ఇక చట్టం వైపు. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అపాయింట్‌మెంట్ లెటర్ అందరికీ ఇవ్వాలి. ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకి, అంటే ఇంత కాలానికి అని నేరుగా తీసుకున్నవాళ్లకి, ఏడాది చేస్తే గ్రాట్యుటీ వస్తుంది. ఉద్యోగం తీసేస్తే ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం లెక్కన పరిహారం ముందు నుంచే ఉంది, ఇప్పుడు దానికి తోడు రీస్కిల్లింగ్ ఫండ్ అని పెట్టారు, యజమాని ఆ కార్మికుడి చివరి జీతంలో 15 రోజులది అందులో వేయాలి, 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాలో పడాలి. ఇంకో వైపు, ప్రభుత్వ అనుమతి లేకుండా తీసేయకూడదు అన్న రూల్ కేంద్ర చట్టంలో ఇదివరకు 100 మంది ఉన్న ఫ్యాక్టరీలకి ఉండేది, ఇప్పుడు 300కి పెంచారు. కాబట్టి ఆటోనగర్‌లో, అచ్యుతాపురంలో చాలా యూనిట్లు ఆ రూల్ బయటే ఉంటాయి.

15 రోజుల జీతంతో ఎవరైనా కొత్త పని నేర్చుకోగలరా? డబ్బు చేతికొస్తుంది, ట్రైనింగ్ మాత్రం రాదు. అది కూడా ఉద్యోగం పోయాక వస్తుంది, పోకముందు కాదు. పాత లైన్ వాళ్లని కొత్త పనికి ఎలా మారుస్తారో చెప్పే కాగితాన్ని ట్రాన్సిషన్ ప్లాన్ అంటారు, అది ఉద్యోగం పోకముందు జరగాల్సిన పని గురించి.

## ఒక ఊహా యూనిట్ తీసుకుని లెక్కేద్దాం

అచ్యుతాపురం వైపు ఇంజిన్ వాల్వులు, పిస్టన్ పిన్నులు చేసే యూనిట్ ఒకటి ఉందనుకుందాం. నిజం యూనిట్ కాదు, అంకెలన్నీ లెక్క కోసమే. మొత్తం 140 మంది, అందులో రోల్స్ మీద 60, కాంట్రాక్ట్ 80. ఎలక్ట్రిక్ బండిలో ఇంజినే ఉండదు కాబట్టి వాల్వుల ఆర్డర్లు తగ్గుతున్నాయి, ఓనర్ 20 కోట్లతో మోటార్ షాఫ్టులు, స్టేటర్లు (మోటార్‌లో తీగ చుట్టి ఉండే, తిరగని భాగం) చేసే లైన్ పెట్టాలనుకున్నాడు, సబ్సిడీకి అప్లై చేశాడు. కొత్త లైన్‌కి 110 మంది కావాలి. అప్లికేషన్‌లో "110 కొత్త ఉద్యోగాలు" అని రాశాడు.

పాత లైన్‌లో 90 మంది ఉన్నారు, రోల్స్ వాళ్లు 40, కాంట్రాక్ట్ 50. అది మూడేళ్లలో మూత. టూల్‌రూమ్, మెయింటెనెన్స్, డిస్పాచ్ కలిపి మిగతా 50 మంది అలాగే ఉంటారు. అంటే చివరికి 50 ప్లస్ 110, 160 మంది. ఉన్నది 140, అయ్యేది 160, నికరంగా పెరిగేది 20. 110 అన్నది అబద్ధం కాదు, కానీ 20 అన్నదే అసలు సంగతి చెబుతుంది, ఆ 20 వెనక 90 మంది భవిష్యత్తు ఉందని రెండు నంబర్లూ చెప్పవు. నాణ్యత ప్లాన్ అడిగే అప్లికేషన్ అయితే ఈ మూడూ వేర్వేరుగా రాయాలి: ఎంతమంది పోతారు, వాళ్లలో ఎంతమంది కొత్త లైన్‌కి వస్తారు, బయట నుంచి ఎంతమంది. మన ఓనర్ 65 మందిని మార్చి, 45 మందిని కొత్తగా తీసుకుంటాను అన్నాడనుకుందాం. మిగిలిన 25 మంది ఏంటి అన్నది కూడా పేజీలో ఉండాలి, రిటైర్మెంట్ దగ్గరున్నవాళ్లు ఎంతమంది, పక్క యూనిట్లతో మాట్లాడారా, ఏమిస్తారు అని.

ఇప్పుడు డబ్బు. నెలకి 24,000 జీతం, 12 ఏళ్ల సర్వీసు ఉన్న గ్రైండింగ్ ఆపరేటర్‌ని తీసేస్తే ఏడాదికి అర నెల జీతం లెక్కన 1,44,000, రీస్కిల్లింగ్ ఫండ్‌కి 12,000, మొత్తం 1,56,000. అదే ఆయనకి నాలుగు నెలలు జీతమిస్తూ ట్రైనింగ్ ఇస్తే 96,000, ట్రైనింగ్ ఫీజు 30,000 అనుకుంటే 1,26,000. అంటే పాత మనిషిని నిలబెట్టుకోవడమే చవక.

మూడేళ్ల సర్వీసు, 16,000 జీతం ఉన్న కుర్రాడిని చూడండి. తీసేస్తే 24,000, ఫండ్‌కి 8,000, మొత్తం 32,000. ట్రైనింగ్ ఇస్తే 64,000 ప్లస్ 30,000, అంటే 94,000. తేడా 62,000. ఓనర్ చెడ్డవాడు కాకపోయినా లెక్క చూసి తీసేయడానికే మొగ్గుతాడు, పైగా ఆ కుర్రాడు కాంట్రాక్టర్ రోల్స్‌లో ఉంటే కంపెనీ పుస్తకంలో ఆ 32,000 కూడా కనపడదు, పాస్ రెన్యూ చేయకపోతే అయిపోయింది.

సరిగ్గా ఇక్కడే ప్రభుత్వ డబ్బు తూకం మార్చగలదు. ఇలాంటి కుర్రాళ్లు 35 మంది ఉన్నారనుకుంటే తేడా మొత్తం 21,70,000. ఇరవై కోట్ల ప్రాజెక్ట్‌లో అది ఒక శాతం చిల్లర. సబ్సిడీలో అంత డబ్బుని ట్రైనింగ్‌కి కట్టేసి ఇస్తే 35 ఇళ్లు నిలబడతాయి. రోజ్‌గార్ యోజన కింద చూస్తే, అందరూ ఒకే పీఎఫ్ లెక్కలో ఉన్నారనుకుంటే, నికరంగా పెరిగిన 20 మంది మీద 16,000 జీతం శ్లాబుకి నెలకి 2,000 చొప్పున నాలుగేళ్లకి గరిష్ఠంగా 19,20,000 వస్తుంది. మారిన 65 మంది మీద సున్నా.

## చేతిలో ఉన్న పని కొత్త లైన్‌లో ఎంతవరకు పనికొస్తుంది

ట్రాన్సిషన్ ప్లాన్లలో ఎక్కువ బలహీనంగా ఉండే భాగం ఇదే, "కార్మికులకు తగిన శిక్షణ ఇవ్వబడును" అని ఒక లైన్ రాసి వదిలేస్తారు. పని పని విడదీసి చూస్తేగానీ ఏమీ తెలీదు.

పిస్టన్ పిన్ను గ్రైండింగ్ చేసే మనిషికి మైక్రాన్ల లెక్క చేతిలో ఉంటుంది. వీల్ అరిగిందని మీటర్ చూపించకముందే శబ్దంలో తెలిసిపోతుంది, జాబ్ మీద కాలిన మరక సన్నగా కనపడగానే ఆపి వీల్ డ్రెస్సింగ్ చేస్తాడు, అంటే వీల్‌ని మళ్లీ సరిచేస్తాడు. మోటార్ షాఫ్ట్ గ్రైండింగ్‌కి కావాల్సింది అదే చెయ్యి. ఆయనకి కొత్తగా కావాల్సింది డ్రాయింగ్, కొత్త మెషిన్ ప్రోగ్రాం, రెండు మూడు వారాల్లో సర్దుకుంటాడు. సీఎన్‌సీ టర్నర్, హీట్ ట్రీట్‌మెంట్ వాళ్లు కూడా అంతే.

స్టేటర్ దగ్గర కథ వేరు. వైండింగ్, ఇన్సులేషన్, వార్నిష్, హై వోల్టేజ్ టెస్టింగ్, వీటిలో వేటికీ వాల్వు లైన్ అనుభవం నేరుగా పనికిరాదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసిన 22 ఏళ్ల అమ్మాయికి ఇది తేలిక, 48 ఏళ్ల ఫోర్జింగ్ ఆపరేటర్‌కి కష్టం, మెషిన్ స్క్రీన్ ఇంగ్లీష్‌లో ఉంటే ఇంకా కష్టం. స్క్రీన్ మెసేజ్‌లు తెలుగులో పెట్టించడం అన్న చిన్న విషయం ప్లాన్‌లో రాస్తే కొంతమందికి ఉద్యోగం నిలబడుతుంది. మంచి ప్లాన్‌లో ఇలాంటి టేబుల్ ఉంటుంది, ఏ పని నుంచి ఏ పనికి, ఎన్ని వారాలు, ఎవరు నేర్పుతారు, గాజువాక ఐటీఐతోనా మెషిన్ కంపెనీతోనా.

ఇంకోటి టైమింగ్. పాత లైన్ ముందు పీకేసి అదే షెడ్‌లో కొత్తది బిగిస్తే మధ్యలో నాలుగైదు నెలలు పని ఉండదు. లేఆఫ్ (కొన్నాళ్లు పని లేదని ఆపడం) అయితే రోల్స్ మీద ఏడాది దాటిన కార్మికుడికి బేసిక్, డీఏలో సగం ఇవ్వాలని చట్టం, అదీ 50 మందికి తక్కువ కాని ఫ్యాక్టరీల్లో. కాంట్రాక్ట్ వాళ్లు ఆ ఐదు నెలల్లో హైదరాబాదో చెన్నైయో వెళ్లిపోతారు, వెళ్లినవాళ్లు తిరిగిరారు. తర్వాత ఓనరే "స్కిల్డ్ మనుషులు దొరకడం లేదు" అంటాడు.

## ఇలా అడగకూడదు అనేవాళ్లు చెప్పేది కూడా వినాలి

చిన్న పరిశ్రమల వాళ్ల అభ్యంతరం న్యాయమైనదే. ఆటోనగర్‌లో 30 మందితో నడిచే యూనిట్‌లో హెచ్ఆర్ అని ఎవరూ ఉండరు, ఓనరే పర్చేజ్, ఓనరే అకౌంట్స్. 40 పేజీల ప్లాన్ అడిగితే ఆయన కన్సల్టెంట్‌కి డబ్బిచ్చి రాయిస్తాడు, బాగా రాయించుకోగలిగిన పెద్ద కంపెనీకే గ్రాంట్ పోతుంది. రాష్ట్రాల పోటీ ఇంకోటి, మనం షరతులు పెడితే ఒడిశాకో తమిళనాడుకో పోతారు అని అధికారులే అంటారు, అది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. మార్కెట్ ఎలా ఉంటుందో తెలీకుండా మూడేళ్ల తర్వాత 65 మందిని ఉంచుతాను అని ఎవరు సంతకం పెడతారు అన్నదీ నిజమైన ప్రశ్నే.

యూనియన్ల అనుమానం ఇంకోలా ఉంటుంది. కాగితం మీద ప్లాన్ రాయించుకుని కార్మికుల్ని ఒక్కసారి కూడా అడగకపోతే అది అలంకారం, డబ్బు వెనక్కి తీసుకునే క్లాజ్ లేని హామీ హామీయే కాదు అంటారు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన నిర్వాసితుల కుటుంబాలు ఆర్ కార్డులు (ఉద్యోగం కోసం ఇచ్చిన పునరావాస కార్డులు) పట్టుకుని దశాబ్దాలు ఎదురుచూడటం చూసిన ఊరికి ఆ అనుమానం ఉండటంలో తప్పేముంది? భూమి ఎప్పుడు తీసుకుంటారో కచ్చితంగా రాస్తారు, ఉద్యోగం ఎవరికి, ఎప్పుడు, ఏ పోస్టు అన్నది వదిలేస్తారు.

స్థానికులకే ఇవ్వాలి అన్న డిమాండ్ మూడోది. 2019లో మన రాష్ట్రం 75 శాతం ఉద్యోగాలు స్థానికులకి అని చట్టం చేసింది, అలాంటి హరియాణా చట్టాన్ని 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కోటా పెట్టడం కంటే స్థానికులు ఆ పనికి తయారయ్యేలా ట్రైనింగ్‌ని గ్రాంట్‌లో కట్టడం చట్టపరంగా సులువు, కాకపోతే రెండేళ్ల ముందే మొదలుపెట్టాలి.

నా మట్టుకు నాకు యూనిట్ సైజుని బట్టి అడగడం సబబు అనిపిస్తుంది. 50 మంది లోపు ఉంటే ఒక పేజీ టేబుల్ చాలు, వందల కోట్ల సబ్సిడీ తీసుకునేవాడిని మాత్రం పూర్తిగా అడగాలి. చిన్నవాడి కష్టం చూపించి పెద్దవాడు తప్పించుకోవడం సరికాదు.

## రాసిన దాన్ని ఎవరు, దేనితో చెక్ చేస్తారు

ప్లాన్ బలం అంతా ఇక్కడే తేలుతుంది. మొదట బేస్‌లైన్ తేదీ కావాలి, అంటే ఎప్పటి మనుషుల లెక్కతో పోల్చాలి అన్నది. అప్లికేషన్ పెట్టే ముందు మనుషుల్ని తగ్గించేసి, డబ్బు వచ్చాక మళ్లీ తీసుకుని కొత్త ఉద్యోగాలు అని చూపించొచ్చు, అందుకే అప్లై చేయడానికి ఏడాది ముందు సగటు తీసుకోవాలి. తర్వాత డబ్బు ఒకేసారి కాకుండా వాయిదాల్లో ఇవ్వాలి, మెషిన్ వచ్చాక కొంత, ట్రైనింగ్ పూర్తయ్యాక కొంత, ఏడాది తర్వాత మనుషులు ఉన్నారని తేలాక కొంత. ఇచ్చేసి వెనక్కి లాగడం మన దగ్గర కోర్టుల్లో ఏళ్లు పడుతుంది, ఇవ్వకుండా ఆపడం తేలిక. మార్కెట్ నిజంగానే పడిపోతే ఆ వాయిదా గడువు పొడిగించే క్లాజ్ ఉంటే ఓనర్ భయం కూడా తగ్గుతుంది.

రుజువుకి కొత్త సిస్టమ్ ఏమీ అక్కర్లేదు, ప్రతి నెలా కంపెనీ పీఎఫ్‌కి ఫైల్ చేసే ఈసీఆర్ అనే లెక్కలో మనిషి మనిషికీ యూఏఎన్ (ఒక్కొక్కరికీ ఉండే పీఎఫ్ నంబర్), జీతం ఉంటాయి. అప్లికేషన్‌లోని 65 మంది యూఏఎన్‌లు రెండేళ్ల తర్వాత అక్కడే ఉన్నాయా లేదా చూస్తే చాలు. చిక్కల్లా కాంట్రాక్ట్ కార్మికుల దగ్గరే. వాళ్ల పేర్లు కాంట్రాక్టర్ పీఎఫ్ కోడ్‌లో ఉంటాయి, కంపెనీ ఈసీఆర్‌లో కనపడవు. పైగా కాంట్రాక్ట్ లేబర్ నిబంధనలు కేంద్ర చట్టంలో ఇదివరకు 20 మంది ఉన్న కాంట్రాక్టర్‌కి వర్తించేవి, కొత్త కోడ్‌లో 50 మంది అయితేనే. మన ఊహా యూనిట్‌లో 80 మందిని ఇద్దరు కాంట్రాక్టర్లు చెరో 40 పంచుకుంటే ఇద్దరూ ఆ లెక్క బయటే. అందుకని గ్రాంట్ ఇచ్చే ఆఫీసు కంపెనీ ఈసీఆర్ ఒక్కటే అడిగితే సరిపోదు, గేట్ పాస్ రిజిస్టరు, కాంట్రాక్టర్ల ఈసీఆర్‌లు కూడా బేస్‌లైన్‌లోనే పెట్టించుకోవాలి, లేకపోతే పాత లైన్‌లోని ఆ 50 మంది మొదటి నుంచీ అక్కడ లేనట్టే లెక్క.